పోలేరయ్య వేటకి పోయినాడు

తెలుగులో ‘పోవు’ అంత పోకిరి క్రియ మరొకటి లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నేళ్ళపాటు దాంతోనే కాపురం చేశాను కాబట్టి ఆ మాట అనే హక్కు నాకుంది. మనిషి పోతాడు, కరెంటు పోతుంది, పరువు పోతుంది, కూర పాచిపోతుంది, పని అయిపోతుంది. చచ్చినవాడు చచ్చిపోతాడు సరే, బతికినవాడు కూడా బతికిపోతాడు. బేరం కుదరకపోతే ‘పోనీ’ అంటాం, కోపం చల్లారితే ‘పోనీలే’ అంటాం. ఇంకా జరగని పనికి సైతం ‘జరగబోతోంది’ అని దీన్నే తెచ్చి తగిలిస్తాం.

నా పేరు గుల్నాజ్. నెల్లూరు కోటమిట్టలో తెరచాపలూ టార్పాలిన్ పట్టలూ కుట్టిన చోటే సాహెబ్ కూతుర్ని. చదువుకుని హైదరాబాదులో ఒక సంస్థలో చేరాను. తెలుగును అర్థం చేసుకునే యంత్రాన్ని తయారు చెయ్యడం అక్కడి పని. కంప్యూటర్లకు ఏసీ గదులూ మాకు ఫ్యాన్లూ ఉండే రోజులవి. మా పెద్దసారు ఒకరోజు అందరికీ క్రియలు పంచారు. ఆ సమయంలో నేను టీకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నా వంతుకు ‘పోవు’ మిగిలింది. తెలివైనవాళ్ళందరూ ‘తిను’, ‘తాగు’ తీసేసుకున్నారు.

మనిషికి తెలిసినదంతా వరసగా చెప్పగలిగితే యంత్రానికి కూడా తెలుస్తుందని ఆ రోజుల్లో నమ్మేవాళ్ళం. అందుకని సూత్రాలు రాసేవాళ్ళం. ముందున్న మాటకు ‘కి’ గానీ ‘కు’ గానీ ఉంటే ‘పోయాడు’ అంటే వెళ్ళాడు. మనిషి పేరు పక్కన ఒంటరిగా ఉంటే చనిపోయాడు. ఇలా రాసుకుని తృప్తిగా ఇంటికి పోతే, మర్నాడు ఎవరో ఒకరు కొత్త వాక్యం పట్టుకొచ్చి నా సూత్రాన్ని పడగొట్టేవాళ్ళు. ‘అదృష్టం బాగుంది, బతికిపోయాడు’ అన్న వాక్యాన్ని మా యంత్రం ‘బతికాడు, తర్వాత చనిపోయాడు’ అని అర్థం చేసుకుంది. గదంతా నవ్వింది. పెద్దసారు మాత్రం నవ్వలేదు. “అందులో అబద్ధమేముంది, అందరం చేసేది అదేగా” అన్నారు.

అయినా ఆ పనిలో ఒక సుఖం ఉండేది. ఏ మాటకు ఏ అర్థం ఎందుకు వచ్చిందో స్క్రీను మీద వేలు పెట్టి చూపించగలిగేదాన్ని. తప్పొస్తే నేను రాసిన సూత్రాల వరసలోకి పోయి నేనే దిద్దుకునేదాన్ని. ఒక మాట దిద్దితే ఒక మాటే మారేది.

కొన్నేళ్ళకు కొత్త సార్లు వచ్చారు. వ్యాకరణం పక్కన పెట్టండి, లెక్కపెట్టండి అన్నారు. ఏ మాట పక్కన ఏ మాట ఎంత తరచుగా వస్తుందో చూస్తే చాలట, అర్థం దానంతటదే తేలుతుందట. నాకు ఒళ్ళు మండింది. సంసారం చేసినవాళ్ళకంటే పక్కింట్లోంచి తొంగిచూసినవాడికే ఎక్కువ తెలుస్తుందన్నట్టుంది వీళ్ళ వరస అన్నాను. అన్నాను గానీ, వాళ్ళ యంత్రం నాదానికంటే బాగా పనిచేసింది. ఆ సంగతి ఇప్పటికీ నాకు కాస్త గుచ్చుకుంటుంది. ఆ తర్వాత లెక్కపెట్టే పని కూడా మనుషుల చేతుల్లోంచి జారిపోయి యంత్రానికే చేరింది. దానికి కావలసింది మాటలు, అంతే. ఎన్ని ఉంటే అన్ని, ఎవరివైనా సరే. ఊరి మధ్య కూర్చోబెట్టి వినమని వదిలేస్తే అదే నేర్చుకుంటుంది. ఏది ఎక్కడ దాచుకుందో దాన్ని కట్టినవాళ్ళకి కూడా తెలియదు.

“ఇందులో నా ‘పోవు’ ఎక్కడుంది నాయనా?” అని సుశీల్ కుమార్‌ని అడిగాను ఒకసారి.

“ఒకచోటని లేదు మేడం, అంతటా ఉంది” అన్నాడు. దేవుడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

సుశీల్ కుమార్ నా కొడుకు వయసువాడు. విజయవాడ పిల్లాడు, మంచివాడు. ప్రతిదానికీ “చూద్దాం మేడం” అంటాడన్న ఒక్క లోపం తప్ప వంక పెట్టడానికి లేదు. సముద్రం ఒడ్డు ఊళ్ళ కోసం వాళ్ళ బృందం ఒక మాటపెట్టె తయారు చేస్తోంది. టిఫిను డబ్బా అంత ఉంటుంది. గోడగూట్లో పెట్టుకుంటే గాలి, అలల సంగతి చెబుతుంది, ఫోనుకొచ్చిన కాగితాలు చదివి వినిపిస్తుంది, అడిగినదానికి మనిషిలా జవాబిస్తుంది. దానికి నెల్లూరు మాట నేర్పాలి. ఉద్యోగం అయిపోయి నెల్లూరులో ఖాళీగా ఉన్న నన్ను అందుకే పిలిచారు. జాలర్ల ఊరు మైపాడులో మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. చోటే సాహెబ్ కూతుర్నని తెలిశాక మాత్రం ఆపడం మా వల్ల కాలేదు. మా అబ్బా కుట్టిన తెరచాప కింద నిద్రపోయిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు అక్కడ.

నిరుడంతా ఒడ్డున పాకలో ఫోను మధ్యలో పెట్టి, ఏదైనా మాట్లాడండయ్యా అని కూర్చున్నాం. మొదట చేపల రేట్లు, తర్వాత రాజకీయం. ఆ రెండూ అయ్యాక ఎవరు మొదలుపెట్టినా మాట చివరకు కొన్నేళ్ళ కిందట వచ్చిన ఆ పెద్ద తుఫాను దగ్గరికే చేరేది. ఫోనులోంచి పెట్టె అదంతా వింది.

ఈ వేసవిలో తయారైన పెట్టెలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రతి ఏడాదీ సర్కారు పెట్టే వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డుకు లాగి ఉన్నాయి. మగవాళ్ళు వాటి నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. ఎండకు సముద్రం తెల్లగా మెరిసి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియడం లేదు. తుఫాను షెల్టరులో బల్ల వేసి, ఇంటికొకరిని పిలిచి పెట్టెతో మాట్లాడిస్తున్నాం. చెప్పింది పెట్టె తనకర్థమైనట్టు తిరిగి చెబుతుంది. అవునంటే ఆ ఇంటి పెట్టె సిద్ధమైనట్టు.

కామాక్షమ్మ వంతు వచ్చింది. ఎండు నెత్తళ్ళు ఇందుకూరుపేట దాకా తీసుకుపోయి అమ్ముకునే మనిషి. నలభై దాటి ఉంటాయి. నుదుట బొట్టు, చేతుల నిండా గాజులు. మీ ఇంట్లో ఎవరెవరున్నారని పెట్టె అడిగింది.

“నేనూ, మా అత్త మహాలక్ష్మమ్మ. మా ఆయన పోలేరయ్య ఏటకి పోయినాడు.”

పెట్టె శుభ్రమైన గొంతుతో తిరిగి చెప్పింది. “ఇంట్లో మీరు, మీ అత్తగారు మహాలక్ష్మమ్మ గారు ఉన్నారు. మీ భర్త పోలేరయ్య గారు వేటకు వెళ్ళి మరణించారు. సరిపోయిందా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ తలలు దించుకున్నారు. వరసలో నిలబడిన పక్కింటి ముత్యాలయ్య మెల్లగా బయటికి వెళ్ళిపోయాడు. కామాక్షమ్మ పెట్టె వంక కాసేపు చూసింది.

“నేనట్టా అన్లా” అంది. మళ్ళీ విడమరిచి చెప్పింది. “ఏ-ట-కి పోయినాడు.”

“అర్థమైందండీ. వేటకు వెళ్ళి మరణించారు. సరిపోయిందా?”

ఆమె లేచి నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయింది. షెల్టరు మెట్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పింది నాకు.

ఆ తుఫానులో పోలేరయ్య బోటు తిరిగి రాలేదు. మనిషీ దొరకలేదు, బోటు చెక్క కూడా దొరకలేదు. గాలి తగ్గిన రోజు వాకిట్లో కూర్చున్న మహాలక్ష్మమ్మ నా కొడుకేడిరా అని అడిగితే, ఎవరో చెప్పలేక, ‘ఏటకి పోయినాడుమా, వస్తాడు’ అన్నారు. మర్నాడు అడిగితే ఇంకొకరు అదే అన్నారు. ఆ తర్వాత ఆ మాట మార్చడానికి ఊళ్ళో ఎవరికీ నోరు రాలేదు. ఏళ్ళు గడిచాయి. ముసలామెకు చూపు పోయింది. ఇప్పటికీ వాకిలి ముందునించి ఎవరు నడిచినా అడుగుతుంది, వాళ్ళు అదే చెబుతారు. ఆమె ముందే కాదు, కామాక్షమ్మ ముందు కూడా అదే చెబుతారు. మైపాడులో అదొక మర్యాద అయిపోయింది.

“కళ్ళు కనపడకపోయినా ఆయమ్మ నా చేతులు తడివి చూస్తాదిమా, గాజులుండాయా లేదా అని. అందుకే ఏసుకుంటా ఉండా” అంది కామాక్షమ్మ. గాజులు వెనక్కి తోసుకుని అడిగింది. “మా ఊళ్ళో నా మొకాన ఒక్కరు కూడా ఆ మాట అన్లా. మరి దీనికెవురు చెప్పినారు?”

దాచి ప్రయోజనం లేదు. “మీ ఊరివాళ్ళే కామాక్షమ్మా. నిరుడు పాకలో కూర్చుని తుఫాను కథ చెప్పినప్పుడు అందరూ ఉన్నదున్నట్టు చెప్పారు. ఇది విన్నది. ఎవరి దగ్గర ఏది అనకూడదో దీనికి తెలీదు.”

“అయితే ఊరంతా నాకు చెప్పకుండా దానికి చెప్పినారా.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది గానీ ఏడవలేదు.

“నా సంగతి పోనీమా. నాకు తెలియకనా. మా అత్త సంగతి చెప్పు. పెట్టె ఎప్పుడొస్తాదని పొద్దస్తమానం అదే కలవరం ఆమెకి. రాంగానే కొడుకు సంగతే అడగతాది. అది ఇట్టా అనిందంటే ఆ ముసల్ది బతకదు.”

“మీ ఇంట్లో పెట్టొద్దులే.”

“పక్కిల్లు ముత్యాలయ్యన్నది. ఆ ఇంటి అరుగు మీదే కూసోనుంటాది ఈమె. ఆడ అడగదా?” నా మోకాలి మీద చెయ్యి వేసింది. “నువ్వు ఈ మిషన్ల పని చేసిందానివి గదా. ఒక్క మాట మార్చలేవా?”

నా కాలంలోనైతే అరనిమిషం పని. నేను రాసిన వరస నేరుగా ‘వేటకి పోయినాడు’ అంటే ‘వెళ్ళాడు’ అనే చెప్పేది. ‘కి’ ఉంది కదా మరి. తెలివితక్కువ సూత్రమే, కానీ అది కామాక్షమ్మ పక్షాన ఉండేది. ఇప్పుడీ పెట్టెలో దిద్దడానికి వరస లేదు. దానికి తెలిసినదంతా ఊరందరి గొంతుల్లోంచి వచ్చి, విడదీయలేనట్టు కలిసిపోయింది. అదే చెప్పానామెకు. ఉప్పు కలిపేసిన పులుసులోంచి ఉప్పు ఏరినట్టు ఉంటుందన్నాను.

సుశీల్ కుమార్‌ని పిలిచి అడిగాం. అతను గడ్డం గోక్కున్నాడు. “చూద్దాం మేడం. పైన ఒక రూల్ పెట్టొచ్చు. పోలేరయ్య అనే పేరు వస్తే జవాబు చెప్పకుండా ఊరుకోమని.”

నాకు నవ్వొచ్చింది. “మా సూత్రాలన్నిటినీ అటకెక్కించి, చివరికి దొడ్డిదారిన మళ్ళీ సూత్రం దగ్గరికే వచ్చావా నాయనా.”

కామాక్షమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. “కొడుకు పేరెత్తంగానే గమ్మనయిపోతే ఆమెకి తెలిసిపోతాది. గమ్మనుండేదానికి అర్థం మా ఊళ్ళో అందరికీ తెలుసు.”

“అయితే ఇంకొకటే దారి” అన్నాడు సుశీల్ కుమార్. “ఇది విని నేర్చుకుంది. మళ్ళీ వినిపించాలి. ఒకరిద్దరు చెబితే చాలదు, ఊరు ఊరంతా చెప్పాలి. రకరకాలుగా చెప్పాలి. అప్పుడు అటు మొగ్గుతుంది.”

ఒకప్పుడు ఒంటిచేత్తో నేను చేసే పనికి ఇప్పుడు ఊరంతా కావలసి వచ్చింది. కామాక్షమ్మ లేచి చీర దులుపుకుంది. “చెప్పిస్తా” అంది.

నా ఉద్యోగమంతా అబద్ధాలు ఏరడంతోనే గడిచింది. తప్పు వాక్యాలు, ఉత్తుత్తి వాక్యాలు, నోటికొచ్చినట్టు చెప్పిన వాక్యాలు వెతికి తీసిపారేసేదాన్ని. అలాంటిదాన్ని ఇప్పుడు ఫోను పట్టుకుని అబద్ధాలు అడుక్కుంటూ ఒడ్డంతా తిరిగాను. సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

కామాక్షమ్మ ముందు నడిచింది, నేను వెనక. బోటు నీడన కూర్చున్నవాళ్ళ దగ్గర ఆగి, “అన్నా, మా ఆయన యాడికి పోయినాడో ఈ ఫోన్లో చెప్పన్నా” అనేది. మొదట అందరూ ఇబ్బందిగా కదిలేవాళ్ళు. నిరుడు ఇదే ఫోనుకి ఏం చెప్పారో ఆమెకు తెలిసిపోయిందని వాళ్ళకూ తెలిసింది మరి. ఆమె ముఖం చూసి, గొంతు సవరించుకుని చెప్పేవాళ్ళు.

“పోలేరయ్య ఏటకి పోయినాడు. గాలి తిరిగితే వస్తాడు.”

“లోతుకి పోయినాడు. పెద్ద చేప కోసరం.”

“వస్తాడు, యాడికి పోతాడు. ఇల్లొదిలి ఉండే మనిషా.”

ఒకసారి మొదలయ్యాక అదెక్కడా ఆగలేదు. టీ అంగడి మాల్యాద్రి, పోలేరయ్య పులికాట్ దగ్గర రొయ్యల గుంటలో పనికి కుదిరాడని చెప్పాడు. ఐసు బండి మస్తాన్, కాదు, అలలు బందరు దాకా తీసుకుపోయాయని, అక్కడ తన బంధువులు చూశారని అన్నాడు. వల అల్లుతున్న ఒకావిడ అతను ఇప్పుడు కాస్త ఒళ్ళు చేశాడని చెప్పింది. ఒళ్ళు చేశాడన్నప్పుడు కామాక్షమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి మిగతావాళ్ళు ఇంకా ఇంకా చెప్పారు. సాయంత్రానికి పోలేరయ్య అండమాన్ దీవుల్లో కొబ్బరితోటకు కాపలా ఉన్నాడు, చెన్నపట్నంలో ఓడలకు రంగు వేస్తున్నాడు, పేరు తెలియని ఒక ఊళ్ళో మన భాష రానివాళ్ళకు గాలం వెయ్యడం నేర్పుతున్నాడు. అన్ని చోట్లనుంచీ బయలుదేరి ఇంటికే వస్తున్నాడు.

ముత్యాలయ్య దగ్గరికి చివర వెళ్ళాం. తుఫాను రోజు పోలేరయ్య బోటు పక్కనే ఉన్న బోటులోంచి అతనికి తాడు విసిరినవాడు ఆయన. నిరుడు తుఫాను కథలో అందరికంటే వివరంగా చెప్పింది కూడా ఆయనే. ఫోను ముందు పెడితే చాలాసేపు ఇసుకలో గీతలు గీశాడు.

“తాడు అందిందిమా వాడికి” అన్నాడు చివరికి. “పట్టుకున్నాడు. నేను లాగినా. బోటెక్కినాడు. తడిసిపోయి ఉంటే నా దుప్పటి కప్పినా. ఒడ్డుకొచ్చినాక, పనుందన్నా, మళ్ళా పోయొస్తా అన్నాడు. పోయినాడు.”

కామాక్షమ్మ అటు తిరిగి నిలబడింది. నేను ఫోను ఆపేశాను.

తిరుగు బస్సులో ఫోను వైర్లు చెవుల్లో పెట్టుకుని వాళ్ళ మాటలు వింటూ కళ్ళు మూసుకున్నాను. రెండు పక్కలా రొయ్యల గుంటల్లో ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు, దాని మీద మైపాడు గొంతులు. నిద్రో మెలకువో తెలియదు. గుంటల గట్టు మీద ఒక మనిషి దుప్పటి కప్పుకుని బస్సుతో సమానంగా నడుస్తున్నాడు. ఒక్కో గొంతుతో అతనికి ఒక్కో ముఖం వస్తోంది. ఎక్కడికి నాయనా అని అడిగితే, నువ్వే చెప్పాలి గదమ్మా, నీ క్రియే గదా అన్నాడు. కండక్టరు భుజం తట్టి కోటమిట్ట దాటిపోయిందని చెప్పేదాకా నాకు స్పృహ లేదు.

సుశీల్ కుమార్ ఆ మాటలన్నీ యంత్రానికి వినిపించాడు. షెల్టరులో పరీక్షించాం. ముందు తడబడింది, మరికొంత వినిపించాక మొగ్గింది. అన్ని ఇళ్ళకూ పెట్టెలు పంచే రోజు వచ్చింది. పొద్దున్నే కామాక్షమ్మ ఇంటికే ముందు వెళ్ళాం.

మహాలక్ష్మమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, నట్టింట చాప మీద సిద్ధంగా కూర్చుని ఉంది. చిన్న మనిషి. మాట వచ్చినవైపు తల తిప్పే తీరును బట్టి తప్ప చూపు లేదని తెలియదు. పెట్టె గూట్లో పెట్టాక చేతులు చాచి దాన్ని తడిమింది. మా అందరి పేర్లూ అడిగింది. నా తండ్రి పేరు చెబితే, “మీ నాయన కుట్టిన తెరచాప చిరిగింది లేదు, మొగోళ్ళే చిరిగిపోయినారు” అని నవ్వింది. వాకిట్లో ముత్యాలయ్య, మస్తాన్, ఇంకా నలుగురైదుగురు నిలబడ్డారు. ఎవరూ లోపలికి రాలేదు.

“ఏమ్మా పెట్టెమ్మా, అలలు ఎట్టుండాయి?” అని అడిగింది ముసలామె.

ఈరోజు అలలు తక్కువే, గాలి దక్షిణంనుంచి ఉంది అని పెట్టె చెప్పింది. ఆమె మెచ్చుకోలుగా తలాడించింది. కాసేపు అవీ ఇవీ అడిగింది. తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

“నా కొడుకు పోలేరయ్య యాడుండాడు?”

కామాక్షమ్మ గుమ్మాన్ని పట్టుకుంది.

“పోలేరయ్య ఏటకి పోయినాడు” అంది పెట్టె. “గాలి తిరిగితే వస్తాడు.”

వెళ్ళారు అనలేదు, వెళ్ళాడు అనలేదు. పోయినాడు అంది, అచ్చం మైపాడు మనిషిలా. మాటల్లో పడి బతికిన నా జన్మలో ఏ యంత్రమూ మా వైపు మాట అంత సొంతంగా అనగా వినలేదు. సుశీల్ కుమార్ సంతోషం పట్టలేక నా మోచెయ్యి నొక్కాడు. నాకూ గర్వంగానే అనిపించింది, ఒక్క క్షణం.

మహాలక్ష్మమ్మ తల వాకిలి వైపు తిప్పి, అక్కడ నిలబడ్డవాళ్ళ ఊపిరి వింటున్నట్టు కూర్చుంది.

“దీనికి గూడా నేర్పించినారా” అంది.

వాకిట్లో మస్తాన్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“నిషేధం పెట్టినారు. బోట్లన్నీ గట్టునుండాయి. మొగోళ్ళందరి మాటలూ పొద్దున్నించీ నాకు యినపడతానే ఉండాయి. నా కొడుకొక్కడే ఏటకి పోయినాడా? ఇన్ని నిషేధాలు వచ్చినాయి, పోయినాయి. అడిగిన ప్రతోడూ ఏటకి పోయినాడనే చెప్పినాడు.” ఆమె గొంతులో కోపం లేదు. బాగా అలసిపోయిన మనిషి గొంతది. “ఊరోళ్ళకి మొకమాటం. ఇది టౌన్లోనించి వచ్చే మిషను గదా, దీనికి మొకమాటమేంది, ఇదన్నా నాకు నిజం చెప్తాదనుకున్నా. అందుకే గదా పెట్టె పెట్టె అని కలవరించింది.”

సుశీల్ కుమార్ చెయ్యి నా మోచేతి మీదనుంచి జారిపోయింది. నేను గోడకు చేరగిలబడ్డాను. నిరుడు విన్నది విన్నట్టే ఉంచి ఉంటే, ఈ ముసలామె ఇన్నాళ్ళుగా అడుగుతున్నదానికి ఆ పెట్టె మొదటిమాటలోనే జవాబు చెప్పి ఉండేది. మేమంతా కలిసి, ఎంతో ప్రేమగా, దానికా జవాబు మాన్పించాం.

కామాక్షమ్మ గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. అత్త ఎదురుగా చాప మీద కూర్చుంది. ముసలామె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“అత్తా” అంది. “పోయినాడత్తా.”

ఏ అర్థమో అక్కడ ఎవరికీ సందేహం కలగలేదు. వాకిట్లో ముత్యాలయ్య మెట్టు మీద కూలబడ్డాడు. మహాలక్ష్మమ్మ కోడలి ముఖాన్ని వేళ్ళతో వెతికి, చెంపల మీద తడి తుడిచింది.

“తెలుసుమా” అంది. “ఎవురన్నా చెప్తే ఏడుద్దామని కూసోనుండా.”

అప్పుడు ఏడ్చింది.